రెండున్నర నానోమీటర్ల తూము

సూక్ష్మజీవశాస్త్రం చదివే విద్యార్థులు ప్రయోగశాలలో తొలినాళ్లలోనే నేర్చుకొనే పరీక్షలలో ఇండోల్ పరీక్ష ఒకటి. పెప్టోన్ కలిపిన నీటిలో ఇ. కోలై బాక్టీరియాను 37 డిగ్రీల వెచ్చదనంలో ఒక రోజు పెంచి, ఆ గొట్టంలో కోవాక్స్ ద్రావణం నాలుగైదు చుక్కలు వేసి మెల్లగా కదిపితే, పైకి తేలిన ఆల్కహాలు పొరలో చెర్రీపండు రంగు వలయం ఏర్పడుతుంది. బాక్టీరియా ఇండోల్ అనే పదార్థాన్ని బయటికి వదిలిందనడానికి అదే గుర్తు. అదే విద్యార్థి జీవరసాయనశాస్త్ర పుస్తకంలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం తయారీ పటం తెరిచినప్పుడు, చివరి మెట్టుకు ఒక్క మెట్టు ముందు ఇండోల్ పేరు మళ్లీ కనిపిస్తుంది. అక్కడ పుట్టే సందేహం ఎంతో న్యాయమైనది: కణం గోడ దాటి ఇంత తేలికగా బయటికి వచ్చే పదార్థాన్ని నడిమధ్య పెట్టుకొని బాక్టీరియా తన ట్రిప్టోఫాన్‌ను ఎలా తయారు చేసుకోగలుగుతోంది, తయారీలో ఉన్న ఇండోల్ దారిలో కారిపోదా? పాఠ్యపుస్తకం ఈ ప్రశ్నకు ఒక బాణం గుర్తు గీసి ఊరుకుంటుంది. ఎంజైముల శాస్త్రంలోని అత్యంత అందమైన నిర్మాణాలలో ఒకటి ఆ బాణం గుర్తు చాటున దాగి ఉంది.

ముందుగా ప్రాథమిక విషయాలను వేగంగా దాటాలి. ఎంజైము అంటే తాను ఖర్చు కాకుండా రసాయన చర్యను వేగవంతం చేసే ప్రోటీను. అది పట్టుకొని మార్చే పదార్థాన్ని అధస్థ పదార్థమనీ, ఆ మార్పు జరిగే చిన్న గుంటను క్రియాశీల స్థానమనీ అంటారు. వేగం ఎంత పెరుగుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు: డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల తయారీకి అవసరమైన ఒరోటిడిన్ ఫాస్ఫేట్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైము లేకపోతే, అది జరిపించే చర్య నీటిలో దానంతట అది సగం పూర్తి కావడానికి సుమారు 7.8 కోట్ల సంవత్సరాలు పడుతుందని 1995లో రాడ్జికా, వుల్ఫెండెన్ లెక్కకట్టారు. ఎంజైము ఉంటే అది రెప్పపాటులో ముగుస్తుంది. 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టు కణాలను నూరి పిండిన రసం, ప్రాణమున్న కణమేదీ లేకుండానే చక్కెరను పులియబెట్టగలదని చూపాడు. ఆ రసంలోని పనివాళ్లు ప్రోటీనులేనని అంగీకరించడానికి మాత్రం మరో ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. అప్పటికే నోబెల్ బహుమతి పొందిన రిచర్డ్ విల్‌స్టేటర్ ఎంజైములు ప్రోటీనులు కావని పట్టుబట్టడమే అందుకు ప్రధాన కారణం. 1926లో జేమ్స్ సమ్నర్ యూరియేజ్ అనే ఎంజైమును స్ఫటికాలుగా వేరుచేసి అవి ప్రోటీనే అని చూపినా, పెద్దాయన మాటే చాలాకాలం చెల్లింది.

1894లో ఎమిల్ ఫిషర్ చెప్పిన తాళంకప్ప, తాళంచెవి పోలిక నేటికీ ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంది. అది తప్పు కాదు గాని, దానివల్ల ఎంజైము అంటే ఒంటరిగా ఒకచోట బిగిసి కూర్చుని వచ్చినదాన్ని వచ్చినట్టు కోసే కత్తిపీట అనే భావం తరతరాలుగా విద్యార్థుల మనసులో నాటుకుపోయింది. బాక్టీరియా జీవక్రియలో ఒక్క మెట్టుతో పూర్తయ్యే పని అరుదు. ఒక ఎంజైము తయారుచేసినది మరో ఎంజైముకు ముడిసరుకు అవుతుంది. అందుచేత కోయడం ఎంత ముఖ్యమో, కోసినదాన్ని పక్కవారి చేతికి అందించడమూ, వారి చేయి ఖాళీగా ఉందో లేదో చూసుకోవడమూ అంతే ముఖ్యం. ఈ రెండో విద్యలో ట్రిప్టోఫాన్ సింథేజ్ అనే ఎంజైమును మించినది దొరకడం కష్టం.

ప్రోటీనులలో ఉండే ఇరవై అమైనో ఆమ్లాలలో కణానికి అత్యంత ఖరీదైనది ట్రిప్టోఫాన్. ఒక్క అణువు తయారీకి ఇ. కోలైకి డెబ్బైకి పైగా అధికశక్తి ఫాస్ఫేట్ బంధాల విలువైన శక్తి ఖర్చవుతుందని అంచనా. మనిషి శరీరం ఈ పని మానుకొని, పప్పులు, పాలు, గుడ్లు, మాంసం ద్వారా దాన్ని తెచ్చుకుంటుంది. ఇ. కోలై మాత్రం కాస్త గ్లూకోజు, కొన్ని ఖనిజ లవణాలు, అమ్మోనియా దొరికితే చాలు, మొత్తం తానే కట్టుకుంటుంది. ఆ దారి చివర ఇండోల్ గ్లిసరాల్ ఫాస్ఫేట్ అనే అణువు ఉంటుంది. సింథేజ్ మొదట దాని తోకను కోసి ఇండోల్‌ను విడదీస్తుంది. తరువాత ఆ ఇండోల్‌ను సెరీన్ అనే మరో అమైనో ఆమ్లంతో అతికించి ట్రిప్టోఫాన్ చేస్తుంది. కోసే పని ఆల్ఫా అనే ఉపభాగానిది, అతికే పని బీటా అనే ఉపభాగానిది.

చిక్కంతా ఈ రెండింటి మధ్య ఉన్న క్షణంలోనే ఉంది. కోతకు ముందున్న అణువుకు విద్యుదావేశం గల ఫాస్ఫేట్ తోక ఉంటుంది, సెరీన్‌కూ ఆవేశాలు ఉన్నాయి. ఆవేశమున్న అణువులు కొవ్వుతో తయారైన కణత్వచాన్ని తమంతట తాము దాటలేవు కనుక అవి కణంలోనే బందీలుగా ఉంటాయి. కోత పడిన ఇండోల్‌కు ఏ ఆవేశమూ లేదు. అది నీటిని ఇష్టపడని, కొవ్వులో హాయిగా కరిగే చిన్న అణువు. ఇండోల్ పరీక్షలో అది నీటిని వదిలి పైనున్న ఆల్కహాలు పొరలోకి ఎక్కడానికి ఏది కారణమో, త్వచం దాటి బయటికి జారిపోగలగడానికీ అదే కారణం. మల్లెపువ్వు పరిమళంలోనూ, మలం దుర్గంధంలోనూ ఇండోల్ పాలు ఉందంటే గాలిలోకి సైతం ఎగిరిపోగల దాని స్వభావం అర్థమవుతుంది. ఇసుకనేలలో తవ్విన బోదెలో నీళ్లు వదిలితే పొలం చేరకముందే భూమి తాగేసినట్టు, ఇంత ఖర్చుపెట్టి చేసిన ఇండోల్‌ను కణంలోకి స్వేచ్ఛగా వదిలితే కొంత చేజారిపోక తప్పదు.

అయినా ఈ విషయాన్ని శాస్త్రజ్ఞులు తిన్నగా అర్థం చేసుకోలేదు. ఆ తడబాటు కూడా చెప్పుకోదగ్గదే. 1944లో టేటమ్, బానర్ అనే శాస్త్రజ్ఞులు న్యూరోస్పోరా అనే బూజు ఇండోల్‌నూ సెరీన్‌నూ కలిపి ట్రిప్టోఫాన్ చేసుకుంటుందని చూపారు. ఇండోల్ పెడితే బతికే ఉత్పరివర్తన జీవులు, అంటే జన్యువులో మార్పు వచ్చిన రకాలు, ఉండడంతో ఇండోల్ తయారీదారిలోని మెట్టే అని అందరూ నమ్మారు. 1958లో చార్లెస్ యానోఫ్‌స్కీ, రాక్‌మెలర్ లెక్కలు సరిచూసి కొత్త పేచీ పెట్టారు: దారి పొడవునా ఎక్కడా స్వేచ్ఛగా తిరిగే ఇండోల్ కనబడడం లేదు. దాంతో, మొదటి వాదం నిజమైతే కనబడవలసిన పదార్థం కనబడదు, రెండో వాదం నిజమైతే ఇండోల్ పెట్టిన జీవి ఎందుకు బతుకుతోందో తెలియదు అన్న స్థితి ఏర్పడింది. ఇండోల్ తయారవుతుందన్నవారు సరిగానే చెప్పారు, స్వేచ్ఛగా ఉండదన్నవారూ సరిగానే చెప్పారు. తయారైనది విడుదల కాకుండానే చేతులు మారగలదన్న ఊహ ఒక్కటే ఇరువైపులా కొరవడింది. అదే ఏడాది ఇర్వింగ్ క్రాఫర్డ్, యానోఫ్‌స్కీ కలిసి ఇ. కోలై సింథేజ్‌ను రెండు వేర్వేరు ప్రోటీనులుగా విడదీయగలిగారు. విడదీస్తే ఏ భాగానికి ఆ భాగం తన సగం పనిని చేస్తుంది గాని ఎంతో మందకొడిగా చేస్తుంది. కలిపితే రెండింటి వేగమూ సుమారు 30 నుంచి 100 రెట్లు పెరుగుతుంది. ఒకరి సమక్షంలో మరొకరు చురుకుగా పనిచేస్తున్నారంటే వారి మధ్య ఏదో మాట నడుస్తోందని అప్పుడే అనుమానించవలసింది. యానోఫ్‌స్కీ దృష్టి మాత్రం జన్యువుల వైపు మళ్లింది. ఇదే ఆల్ఫా ఉపభాగాన్ని ఆధారం చేసుకొని, జన్యువులో మార్పులు ఏ వరుసలో ఉంటాయో ప్రోటీనులో అమైనో ఆమ్లాల మార్పులూ అదే వరుసలో ఉంటాయని 1964లో ఆయన బృందం నిరూపించింది. అణు జీవశాస్త్ర పునాదిరాళ్లలో ఒకటైన ఈ ఫలితం ముందు, ఇండోల్ ఎటు పోతోందన్న ప్రశ్న కొంతకాలం మరుగున పడింది.

సమాధానం 1988లో వచ్చింది. అమెరికాలోని బెథెస్డాలో ఉన్న జాతీయ ఆరోగ్య సంస్థలలో ఈడిత్ మైల్స్, డేవిడ్ డేవీస్, వారి సహచరులు సాల్మొనెల్లా టైఫిమ్యూరియమ్ అనే బాక్టీరియా నుంచి తీసిన సింథేజ్‌ను స్ఫటికాలుగా పెంచి, ఎక్స్-కిరణాలు ప్రసరింపజేసి, పరమాణువుల స్థానాలను గుర్తించారు. ఎంజైములో నాలుగు ఉపభాగాలు ఒకే వరుసలో ఉన్నాయి: ఆల్ఫా, బీటా, బీటా, ఆల్ఫా. మొత్తం పొడవు సుమారు 15 నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. ఆల్ఫాలో కోత జరిగే గుంట ఎక్కడుందో గుర్తించడానికి, అసలు అధస్థ పదార్థాన్ని పోలి ఉండి కోతకు లొంగని ఒక నకిలీ అణువును స్ఫటికంలోకి ఇంకించారు. బీటాలో అతికే గుంటను గుర్తించడం మరింత తేలిక, ఎందుకంటే అక్కడ బీ6 విటమిను రూపాంతరమైన పిరిడాక్సాల్ ఫాస్ఫేట్ అనే సహాయక అణువు ఎప్పుడూ అంటిపెట్టుకొని ఉంటుంది. ఈ రెండు గుంటల మధ్య దూరం రెండున్నర నానోమీటర్లు. అణువుల లెక్కలో అది చిన్న దూరమేమీ కాదు. ఆ దూరం పొడుగునా, బీటా ఉపభాగం లోలోపలి నుంచే, ఆల్ఫా గుంటను బీటా గుంటతో కలుపుతూ ఒక సొరంగం కనబడింది. దాని గోడలలో చాలా భాగం నీటిని ఇష్టపడని అమైనో ఆమ్లాలతో కట్టినవి. దాని వెడల్పు ఇండోల్ పట్టేంత. దాని పొడవులో నాలుగు ఇండోల్ అణువుల వరకు ఒకదాని వెనుక ఒకటి ఇముడుతాయి. మూడు దశాబ్దాల తగవు ఒక్క చిత్రంతో తీరింది: ఇండోల్ పుడుతోంది, కాని ఎంజైము దాటి బయట అడుగు పెట్టడం లేదు.

దీన్ని సొరంగమనడం కంటే తూము అనడమే సరైనదని తరువాతి పరిశోధన తేల్చింది. సొరంగం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. తూముకు తలుపు ఉంటుంది, కింద మడి సిద్ధంగా ఉందో లేదో చూసి ఆ తలుపు ఎత్తేవాడొకడు ఉంటాడు. ఇక్కడి అమరికను దగ్గరగా చూడడానికి బీటా గుంటలోకి తొంగిచూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు పిరిడాక్సాల్ ఫాస్ఫేట్ బీటా గొలుసులోని 87వ అమైనో ఆమ్లమైన లైసీన్‌ను పట్టుకొని ఉంటుంది. ఆ బంధం వల్లే శుద్ధిచేసిన ఎంజైము ద్రావణం లేత పసుపు రంగులో కనబడుతుంది. సెరీన్ రాగానే లైసీన్ చేయి వదలి సెరీన్ చేయి పట్టుకుంటుంది. తరువాత సెరీన్ నుంచి ఒక నీటి అణువు ఊడిపోయి, అమైనోఅక్రిలేట్ అనే, ఎవరు దొరికితే వారిని పట్టుకోవాలని ఉబలాటపడే, అస్థిరమైన మధ్యరూపం మిగులుతుంది. ఇండోల్ కోసం చేయి చాచి నిలబడిన స్థితి అదే. ఈ ఒక్కొక్క రూపం కాంతిని ఒక్కొక్క రీతిగా పీల్చుకుంటుంది కనుక, రంగుల మార్పును బట్టి చర్య ఎంతవరకు వచ్చిందో క్షణక్షణం గమనించవచ్చు. ఒక ఎంజైము తన పనిని రంగులలో చెప్పడం పరిశోధకులకు దొరికిన అరుదైన అదృష్టం.

1991లో కరెన్ ఆండర్సన్, ఈడిత్ మైల్స్, కెన్నెత్ జాన్సన్ ఎంజైమునూ పదార్థాలనూ అతివేగంగా కలిపి, మిల్లీసెకన్ల తేడాతో చర్యను ఆపేస్తూ, ఏ క్షణంలో ఏది ఎంత ఉందో కొలిచారు. సెరీన్ లేనప్పుడు ఆల్ఫాలో కోత నత్తనడకన సాగింది. ఒక్కో కోతకు సగటున ఆరు సెకన్లు పట్టింది. బీటాలో అమైనోఅక్రిలేట్ ఏర్పడిన మరుక్షణం, రెండున్నర నానోమీటర్ల దూరంలో ఉన్న ఆల్ఫాలో కోత వేగం సుమారు 150 రెట్లు పెరిగి, సెకనుకు 24 దాకా చేరింది. కోసిన ఇండోల్ సొరంగం దాటి అతుక్కోవడం సెకనుకు వెయ్యికి మించిన వేగంతో జరుగుతుంది కనుక, సొరంగంలో ఇండోల్ పోగుపడనే పడదు. అంటే అవతల పట్టుకొనే చేయి చాచేదాకా ఇవతల కత్తి కదలదు. చాచిన తరువాత కోత కంటే అందుకోవడమే వేగంగా సాగుతుంది. ఈ కబురు ప్రోటీను కదలిక రూపంలో చేరుతుంది: బీటాలో ఒక భాగం లోపలికి ముడుచుకుంటుంది, దానికి ఆనుకొని ఉన్న ఆల్ఫాలో సడలి ఉన్న ఒక మెలిక క్రియాశీల స్థానంపై మూతలా పడుతుంది, మూత పడితేనే కోతకు కావలసిన పరమాణువులు సరైన చోట కుదురుకుంటాయి. పైగా ఆ మూత వేసిన తరువాత ఆల్ఫా వైపు నుంచి ఇండోల్ వెనక్కి జారిపోయే దారి కూడా మూసుకుపోతుంది. ట్రిప్టోఫాన్ తయారై విడుదలయ్యాక మూతలు తెరుచుకుంటాయి, కోత మళ్లీ మందగిస్తుంది. ఇంతటి సమన్వయం జరిగేది పదిహేను నానోమీటర్ల పొడవున్న ఒక ప్రోటీను ముద్దలో అని గుర్తుచేసుకుంటే, తాళంకప్ప పోలిక ఎంత పేదదో తెలుస్తుంది.

స్ఫటికంలో కనబడినంత మాత్రాన ఇండోల్ నిజంగా ఆ దారినే పోతోందని చెప్పలేము కదా అని సందేహించినవారికి 1994లో సమాధానం దొరికింది. సొరంగం గోడలోని 170వ స్థానంలో ఉన్న చిన్న సిస్టీన్‌ను తీసి, దాని బదులు భారీ ఆకారం గల ఫినైల్‌అలనీన్‌నో, ట్రిప్టోఫాన్‌నో పెట్టి దారికి అడ్డం కట్టారు. మామూలు ఎంజైములో కనబడని ఇండోల్ ఆ మార్చిన ఎంజైములో పోగుపడి, కొలతకు దొరికింది. ఇండోల్‌ను అడ్డుకోవడానికి ట్రిప్టోఫాన్‌నే అడ్డుగా వాడడంలోని చమత్కారం ఆ పరిశోధకులకు తట్టకుండా ఉండదు.

ఇక్కడ ఒక ప్రచారాన్ని ఖండించక తప్పదు. సొరంగం ఉన్నది ఇండోల్ త్వరగా చేరడం కోసమేనని, లేకపోతే అది కణంలో దారి వెతుక్కుంటూ ఎంతో కాలం తిరగవలసి వస్తుందని తేలిక పుస్తకాలు చెబుతుంటాయి. ఇ. కోలై పొడవు సుమారు రెండు మైక్రోమీటర్లు. అంత ఇరుకు గదిలో చిన్న అణువు ఒక కొస నుంచి మరో కొసకు చేరడానికి కొన్ని మిల్లీసెకన్లు చాలు. ఆదా అవుతున్నది ప్రధానంగా కాలం కాదు, సరుకు. ఇండోల్ త్వచం దాటి పోకుండా కాపాడడమే సొరంగం చేసే ముఖ్యమైన మేలు. ఇదే బాక్టీరియాలో కార్బమాయిల్ ఫాస్ఫేట్ సింథటేజ్ అనే మరో ఎంజైముకు దాదాపు పది నానోమీటర్ల సొరంగం ఉందని 1997లో తేలింది; అందులో ప్రయాణించేవి అమ్మోనియా, దానితోపాటు నీటిలో క్షణమైనా నిలవని అణువులు. అక్కడా కథ కాపలాదే.

కారిపోవడమే కావాలనుకున్న జీవికి ఇదే ఎంజైము మరోలా పనికొస్తుందనడానికి మొక్కజొన్న సాక్షి. మొక్కజొన్నలో ఆల్ఫాను పోలిన రెండు ఎంజైములు బీటా తోడు లేకుండా విడిగా తిరుగుతూ ఇండోల్‌ను స్వేచ్ఛగా వదులుతాయి. ఒకటి పురుగులకు చేదైన రక్షణ రసాయనాల తయారీకి ముడిసరుకునిస్తుంది, మరొకటి గొంగళిపురుగు ఆకు కొరికినప్పుడు ఇండోల్‌ను గాలిలోకి వదిలి పక్క ఆకులను హెచ్చరిస్తుంది. తూమును తొలగించి కట్టకు గండి కొట్టడమూ ఒక్కోసారి వ్యవసాయమే కాబోలు.

దీనివల్ల ఉపయోగమేమిటన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది; ముప్పై ఏళ్లు ఒక సొరంగాన్ని తవ్వినవారిని ఆ ప్రశ్నతో వేధించడం నిధులిచ్చేవారికి అలవాటు. మనిషికి ఈ ఎంజైము లేదు, క్షయ బాక్టీరియాకు ఉంది. పైగా మన రోగనిరోధక కణాలు క్షయ బాక్టీరియాకు ట్రిప్టోఫాన్ అందకుండా చేసి మాడ్చాలని చూసినప్పుడు, అది తన సింథేజ్‌తో సొంతంగా తయారుచేసుకొని గట్టెక్కుతుందని 2013లో తెలిసింది. ఆల్ఫా, బీటాలు కలిసే సంధిలో ఇరుక్కొని ఈ ఎంజైమును నిలిపివేసే బీఆర్‌డీ4592 అనే అణువును 2017లో ప్రకటించారు. అది మందుల దుకాణానికి చేరిన మందు కాదు, దారి చూపిన అణువు మాత్రమే. మరోవైపు ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ బృందం 2015లో ఒక ఆదిమ సూక్ష్మజీవి బీటా భాగంలో కొన్ని మార్పులు చేసి, ఆల్ఫా తోడు లేకుండానే పూర్తి వేగంతో పనిచేసేలా మలిచి, ప్రకృతిలో లేని అమైనో ఆమ్లాల తయారీకి వాడుకుంటోంది. పరిశ్రమకు అది లాభమే. ఆల్ఫా, బీటాల మధ్య నడిచిన సంభాషణను తుడిచేసి సాధించిన లాభమని మాత్రం ఒప్పుకోవాలి.

మొదటి ప్రశ్నకు తిరిగి వస్తే, గొట్టంలో ఎర్రవలయం తెచ్చిన ఇండోల్ తయారీ దారిలో కారినది కాదు. పెప్టోన్‌లో ట్రిప్టోఫాన్ సిద్ధంగా దొరుకుతుంది కనుక ఇ. కోలై తన తయారీని దాదాపు కట్టిపెట్టి, ట్రిప్టోఫనేజ్ అనే వేరొక ఎంజైముతో దొరికిన ట్రిప్టోఫాన్‌నే విడగొట్టుకుంటుంది. వలయంలో కనబడేది ఆ విరుపులో మిగిలిన ఇండోల్. సాల్మొనెల్లాకు ట్రిప్టోఫనేజ్ లేదు. ఆహారంలో ట్రిప్టోఫాన్ లేని చోట అది క్షణక్షణమూ ఇండోల్‌ను తయారు చేస్తూనే, తూము గుండా దాటిస్తూనే పెరుగుతుంది. అయినా విద్యార్థుల రికార్డు పుస్తకాలలో దాని పేరు ఎదురుగా ఇండోల్ లేదు అనే రాసి ఉంటుంది. 1988లో సొరంగాన్ని చూపిన స్ఫటికం ఆ సాల్మొనెల్లాదే.